మరలివచ్చువారి లెక్క – భరన్యాసము

వార్ధక్యము ప్రతి మానవుని ఒక ప్రశ్న అడుగును. ఈ దేహమును ఎచ్చట విడువవలెను, ఎవరి చేతులలో విడువవలెను అనునదియే ఆ ప్రశ్న. పుట్టిన యూరిలోనే పెరిగి, ఆ వీథులలోనే నెరసినవానికి దీనికి సమాధానము వెదకవలసిన పనిలేదు. కాని యౌవనమున సముద్రములు దాటిపోయి పరదేశమున నలువది, ఏబది సంవత్సరములు గడపినవానికి ఇది నిద్రపట్టనీయని ప్రశ్న. స్వదేశమునకు మరలవలెనా, ఉన్నచోటనే ఉండిపోవలెనా అని అతడు తర్కించుకొనుచు కాగితముపై రెండు వరుసలు వ్రాసికొనును. ఒక వరుసలో అచ్చటి ఖర్చు, అచ్చటి వైద్యము. రెండవ వరుసలో ఇచ్చటి ఖర్చు, ఇచ్చటి వైద్యము.

ఈ కాగితమును చూచినవారు రెండు విధములుగా పలుకుదురు. "శ్రీనివాసుని నమ్మినవానికి లెక్కలతో పనియేమి? ఆయన పాదముల చెంతకు చేరుటకు ఆసుపత్రి ఖర్చులు చూచుకొనవలెనా?" అని కొందరందురు. "లెక్క కుదిరినచో రావలెను, కుదరనిచో మానవలెను. ఇందులో భగవంతుని ప్రసక్తి యేల?" అని మరికొందరందురు. మొదటి మాట భక్తివలె వినిపించును, రెండవది వివేకమువలె వినిపించును. లెక్క వేసికొనుట విశ్వాసమునకు లోపమా? లోపము కానిచో ఆ లెక్కలో ఏమేమి చేరవలెను? ఈ రెండును విచారింపదగిన విషయములు.

లెక్క వేయువారు

అమెరికా దేశమున 1965వ సంవత్సరమున రెండు శాసనములు వెలువడినవి. జూలై మాసమున వచ్చినది వృద్ధుల వైద్యమునకై 'మెడికేర్' అను ఏర్పాటును కల్పించిన శాసనము. అక్టోబరు మాసమున వచ్చినది, పుట్టిన దేశమునుబట్టి వలసదారులకు వాటాలు నిర్ణయించు పాత పద్ధతిని తొలగించిన వలస శాసనము. ఈ రెండవ శాసనము తెరచిన ద్వారము గుండా తెలుగు దేశపు వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు ఎందరో అచ్చటికి తరలిపోయిరి. విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలలలో చదివినవారు అచ్చటి ఆసుపత్రులలో చేరిరి. 1970లలో పిట్స్‌బర్గు నగరమున శ్రీ వేంకటేశ్వరాలయము వెలసినది దక్షిణ భారతమునుండి పోయిన ఆ తరమువారి పూనికతోనే. నాడు పరుల వార్ధక్యమునకు చికిత్స చేసిన ఆ యువకులే నేడు డెబ్బది, ఎనుబది యేండ్ల వృద్ధులై, తమ వార్ధక్యమునకు ఏది ఆధారమని ఆలోచించుచున్నారు.

వారి లెక్కలోని అంశములు స్వల్పములు కావు. అచ్చట నలువది త్రైమాసికములు, అనగా సుమారు పది సంవత్సరములు, పనిచేసి పన్ను చెల్లించినవారికి వృద్ధాప్య భృతి లభించును. అట్టివారికి 65వ యేట మెడికేరులోని ఆసుపత్రి భాగము నెలసరి రుసుము లేకయే లభించును. వైద్యులు చేయు పరీక్షలకు, చికిత్సలకు సంబంధించిన భాగమునకు మాత్రము రుసుము కట్టవలెను. 2025లో అది సామాన్యముగా నెలకు 185 డాలర్లు. అమెరికా పౌరులైనవారికి భృతి భారతదేశమున నివసించుచున్నను అందును. మెడికేర్ మాత్రము, అరుదైన సందర్భములు తప్ప, ఆ దేశపు ఎల్లలు దాటి రాదు. హైదరాబాదులో గుండెకు శస్త్రచికిత్స జరిగినచో అది ఒక్క డాలరైనను ఈయదు. అట్లని రుసుము కట్టుట మానివేసి కొన్ని సంవత్సరముల పిదప తిరిగి చేరగోరినచో, మానిన ప్రతి పూర్తి సంవత్సరమునకును నూటికి పది వంతున రుసుము పెరుగును. ఆ పెంపు సాధారణముగా జీవితాంతము వెంబడించును. కావున మరలివచ్చినవాడు తాను వాడుకొనని వైద్యమునకు రుసుము కట్టుచుండవలెను. లేనిచో తాను దాటివచ్చిన వాకిలి వెనుక మూసికొనిపోవుటకు సిద్ధపడవలెను.

అచ్చటనే ఉండిపోయినవానికి చింత లేదా? ఉన్నది. మెడికేర్ రోగమునకు చికిత్స చేయించునే గాని ముసలితనమునకు తోడునీయదు. స్నానము చేయించుట, అన్నము తినిపించుట, లేవదీసి కూర్చుండబెట్టుట వంటి దీర్ఘకాల సేవను అది భరింపదు. ఆసుపత్రిలో కనీసము మూడు దినములుండి వచ్చినవానికి నర్సుల సంరక్షణగల గృహములో నూరు దినముల వరకు సహాయము చేయును. అందును మొదటి ఇరువది దినములకే పూర్తి వ్యయము భరించును. అటుపిమ్మట ఆ గృహములలో ఉండుటకు ఏడాదికి లక్ష డాలర్లు దాటుట అచ్చట సాధారణము. జీవితమంతయు కూడబెట్టినది నాలుగైదేండ్లలో కరగిపోవునేమోయను భయము అనేకులను స్వదేశమువైపు చూచునట్లు చేయుచున్నది.

ఇక ఇచ్చటి వరుస. ఆహారము, ఇంటి అద్దె, పనివారి జీతములు, వైద్యుని రుసుము, మందుల వెల – ఇవన్నియు డాలర్లతో పోల్చినచో స్వల్పములే. పెద్ద నగరములలో ఉత్తమమైన వైద్యము దొరకుచున్నది. కాని ఈ దేశమున వైద్యవ్యయములో పెద్దభాగము రోగి చేతినుండియే పోవును. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము 2013-14లో మొత్తము ఆరోగ్య వ్యయమున నూటికి 64 వంతులు ప్రజలు స్వయముగా చెల్లించినదే. 2021-22 నాటికి అది 39 వంతులకు తగ్గినది. తగ్గినను, పెద్ద జబ్బు వచ్చిన యింట అది పెద్ద భారమే.

70 ఏండ్లు నిండిన భారత పౌరులందరకును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యమునిచ్చు ఆయుష్మాన్ భారత్ విస్తరణ 2024 అక్టోబరులో ప్రారంభమైనది. కాని విదేశ పౌరసత్వము స్వీకరించి ఓ.సి.ఐ. కార్డుతో వచ్చినవారు చట్టము దృష్టిలో భారత పౌరులు కారు. వారు దీనిని నమ్ముకొని లెక్క వేయరాదు. ఇక ప్రైవేటు బీమా. క్రొత్తగా పాలసీ తీసికొనుటకు 65 ఏండ్లు మించరాదను వయఃపరిమితి 2024 ఏప్రిల్ 1 నుండి తొలగినది. అంతకుముందే ఉన్న రోగములకు వేచియుండవలసిన గడువు కూడ గరిష్ఠముగా నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గినది. అయినను చక్కెర వ్యాధి, రక్తపు పోటు గల డెబ్బది రెండేండ్ల వానికి మూడేండ్లు చిన్న కాలము కాదు.

ఈ తర్కమునకు అవకాశమే లేనివారు మరికొందరున్నారు. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోయి, తాపీపనిలో, వాహనములు నడపుటలో, ఇండ్లలో వంటపనిలో జీవితము గడపినవారు వారు. అచ్చట వారి నివాసము ఉద్యోగముతో ముడిపడియున్నది. పని ముగిసినచో ప్రయాణము తప్పదు. యు.ఏ.ఇ. చట్టము ప్రకారము మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినముల మూలవేతనము, అటుపై ఏడాదికి 30 దినముల మూలవేతనము ఉద్యోగాంతమున చెల్లింతురు. ఇరువది యైదేండ్లు పనిచేసినవానికి ఈ విధముగా వచ్చునది రెండేండ్ల మూలవేతనమునకు కొంచెము తక్కువ. దానితోనే బిడ్డ పెండ్లి అప్పు తీరవలెను, ఇంటి కప్పు నిలువవలెను, ఎండలో అరిగిన దేహమునకు మందులు రావలెను. "మరలవలెనా?" అనునది ఇతని ప్రశ్న కాదు. "మరలిన పిదప ఎట్లు?" అనునది ఇతని ప్రశ్న. ధనికుడైన వైద్యుని లెక్కకును ఇతని లెక్కకును అంకెలలో భేదమున్నది గాని, ధర్మములో భేదము లేదు.

శరణాగతునకు లెక్క తగునా?

శ్రీవైష్ణవ సిద్ధాంతమున శరణాగతికి భరన్యాసమని మరియొక పేరు. తన రక్షణ భారమును తాను మోయజాలనని గుర్తించి, దానిని శ్రియఃపతి పాదములయందు ఉంచుటయే భరన్యాసము. దీనికి ఐదు అంగములు చెప్పబడినవి. భగవంతునకు అనుకూలముగా వర్తింతునను సంకల్పము మొదటిది. ప్రతికూలమైనదానిని విడనాడుట రెండవది. తన నిస్సహాయతను గుర్తించుట మూడవది. ఆయన తప్పక రక్షించునను మహావిశ్వాసము నాలుగవది. ఆయననే రక్షకునిగా కోరుకొనుట ఐదవది.

నాలుగవదియైన మహావిశ్వాసమును మాత్రము పట్టుకొని, లెక్క వేయువాడు విశ్వాసహీనుడని కొందరు తీర్పు చెప్పుదురు. అట్టివారు మొదటి రెండు అంగములను మరచుచున్నారు. భగవంతునకు అనుకూలముగా నుండుట యనగా ఆయన సొత్తైన సర్వప్రాణులకును అనుకూలముగా నుండుటయని ఆచార్యులు వివరించిరి. ప్రతికూలమును విడనాడుట యనగా ఏ ప్రాణికిని కీడు తలపెట్టకుండుట. మందులకు సొమ్ము ఉన్నదో లేదో చూడక, మంచము పట్టినచో చూచువారెవరో విచారింపక, "స్వామియే చూచుకొనును" అని వచ్చి తమ్ముని వాకిట నిలిచినవాని భారము ఎవరిపై పడినది? స్వామిపై పడినదా, తమ్ముని భార్యపై పడినదా? భగవంతునిపై భారము వేయుట వేరు. భగవంతుని పేరు చెప్పి తోటివారిపై భారము వేయుట వేరు. మొదటిది శరణాగతి. రెండవది శరణాగతి వేషము ధరించిన అజాగ్రత్త.

ఇంకొక సంగతి. జీవుడు భగవంతునకు శేషభూతుడు, అనగా ఆయన సొత్తు. దేహమును, ధనమును, మిగిలిన ఆయువును ఆయనవే. జీవుడు వానికి యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే. ఆలయ ధర్మకర్త ప్రతిదినము దీపారాధనకు నూనె ఎంత ఉన్నదో, నైవేద్యమునకు బియ్యమెంత ఉన్నవో చూచుకొనును. "స్వామి తన దీపమును తానే వెలిగించుకొనును" అని చేతులు కట్టుకొని కూర్చుండడు. అట్లు కూర్చుండినవానిని భక్తుడని ఎవరును మెచ్చుకొనరు. అట్లే తన దేహమునకు రేపటి మందు ఎక్కడనుండి వచ్చునో చూచుకొనుట భక్తికి విరోధము కాదు. అప్పగింపబడిన సొత్తును జాగ్రత్తగా కాచుటయే అది.

నందిగ్రామమునకు పంపిన దూత

పరదేశమునుండి ఇంటికి మరలువాడు ముందుగా ఏమి తెలిసికొనవలెనో శ్రీరామచంద్రుడు స్వయముగా చూపెను. పదునాలుగేండ్ల వనవాసము ముగిసినది. రావణుడు హతుడైనాడు. పుష్పక విమానము అయోధ్య దిశగా సాగుచున్నది. ప్రజలు ఎదురుచూచుచున్నారు, తల్లులు ఎదురుచూచుచున్నారు. అయినను ఆ ప్రభువు నేరుగా నగరమున దిగలేదు. భరద్వాజ మహర్షి ఆశ్రమమున ఆగెను. అయోధ్య క్షేమముగా నున్నదా, తల్లులు జీవించియున్నారా, భరతుడెట్లున్నాడని మహర్షిని అడిగెను. పిదప హనుమంతుని పిలిచి, ముందుగా శృంగిబేరపురమున గుహునకు, ఆ తరువాత నందిగ్రామమున భరతునకు తన రాకను తెలుపుమని పంపెను.

పంపుచు చెప్పిన మాట గమనింపదగినది. తన రాకను వినినప్పుడు భరతుని ముఖవర్ణమెట్లు మారునో, చూపు ఎట్లుండునో, మాట ఎట్లుండునో జాగ్రత్తగా చూచి రమ్మనెను. తాతతండ్రులనాటి సమృద్ధమైన రాజ్యము ఎవరి మనస్సునైనను మార్చవచ్చును. ఇంతకాలము ఏలిన అలవాటుచే భరతునకు రాజ్యముపై కోరిక కలిగియున్నచో అతడే ఏలుకొనవచ్చునని రాముని అభిప్రాయము. భరతునిపై సందేహముచేత పలికిన మాట కాదిది. రాజ్యము పాదుకలకు అప్పగించి, తాను జటలు ధరించి నందిగ్రామమున కూర్చున్న తమ్ముడట్టివాడని రామునకు తెలియదా? అయినను, ఇంటనుండి బరువు మోసినవాని మనస్సును అడుగకయే ఆ యింట అడుగుపెట్టుట ధర్మము కాదని ఆయన భావించెను. తనకు హక్కున్నను, పిలుపున్నను, ముందుగా అడిగెను. కాదన్నచో తొలగిపోవుటకు సిద్ధపడి అడిగెను.

ఇదియును ఒక లెక్కయే. కాని ఇందులో తన సుఖము, తన ఖర్చు లేవు. ఇంట నున్నవాని మనస్సు ఒక్కటియే ఉన్నది. నేడు రెండు వరుసలు వ్రాసికొనువారి కాగితములలో తరచుగా లోపించునది ఈ ఒక్క పంక్తియే.

వ్రాయని పంక్తులు

విదేశమునకు పోయిన ప్రతి కుమారునకును వెనుక ఉండిపోయిన తోబుట్టువు ఒకరుందురు. ముసలి తల్లిని ఆసుపత్రికి త్రిప్పినది, తండ్రికి రాత్రులు కాపలా కూర్చున్నది, ఇంటి కప్పు కారినప్పుడు తాపీమేస్త్రిని పిలిచినది ఆ తోబుట్టువే. విదేశమునుండి డబ్బు వచ్చియుండవచ్చును. కాని రాత్రి జాగరణము డబ్బుతో రాదు. అన్నగారు డెబ్బదవ యేట మరలివచ్చు వేళకు ఆ తమ్మునకును అరువది యైదు దాటియుండును. అతని మోకాళ్లును అరిగియుండును. అతని కోడలు ఉద్యోగమునకు పోవుచుండును. "మన ఇంటికి వచ్చుచున్నాము" అను మాట మధురమైనదే. కాని ఆ ఇల్లు ఇంతకాలము నిలిచియున్నది ఎవరి చేతులమీదుగానో గుర్తింపక, తండ్రిగారి ఆస్తిలో భాగము మాత్రము గుర్తుంచుకొని వచ్చుట, నందిగ్రామమునకు దూతను పంపక అయోధ్యలో దిగుటవంటిది.

ఆస్తి విషయమున మరియొక జాగ్రత్త కావలెను. చూచుకొందుమను మాటను నమ్మి, ఉన్నదంతయు బంధువుల పేర వ్రాసి, పిదప దిక్కులేనివారైన వృద్ధులున్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ సెక్షను, చూచుకొనవలెనను షరతుతో ఆస్తి పొందినవారు ఆ షరతును తప్పినచో ఆ దస్తావేజును చెల్లకుండ చేయుటకు దారి చూపుచున్నది. కాని ఆ చట్టము వయోవృద్ధుడని పేర్కొన్నది అరువది యేండ్లు నిండిన భారత పౌరుని. పరదేశ పౌరసత్వముతో వచ్చినవాడు దానిని నమ్ముకొనుటకు ముందు న్యాయవాదిని సంప్రదింపవలెను. ప్రేమ ఉన్నచోట పత్రమెందుకు అని అనుకొనరాదు. పత్రము ప్రేమకు శత్రువు కాదు. మాట మరచిపోవు కాలమునకు అది సాక్షి.

ఇచ్చట మనిషి చేతిపని చౌక అను పంక్తి ప్రతి కాగితములోను ఉండును. పగలొకరు, రాత్రియొకరు సహాయకులను పెట్టుకొన్నను అచ్చటి ఖర్చులో స్వల్పభాగమే యగునని సంతోషింతురు. ఆ చౌక ఎక్కడనుండి వచ్చినదో ఆలోచింపవలెను. ఆ సహాయకురాలు తన ముసలి అత్తగారిని పల్లెలో విడిచి, పరుల ముసలివారిని ఎత్తి దించుటకు నగరమునకు వచ్చినది. ఆమె నడుము నొప్పికి బీమా లేదు. ఆమె వార్ధక్యమునకు భృతి లేదు. తన భయమునకు మందు ఆమె పేదరికములో దొరకినదని వచ్చినవాడు గ్రహింపవలెను. అనుకూల సంకల్పము చేసిన భక్తుడు ఊరివారు ఇచ్చు జీతమెంతయని మాత్రమే అడుగడు. ఈ పనికి తగినది ఎంతయని అడుగును. వారమునకొక సెలవు, జబ్బు చేసినప్పుడు జీతము, ఆమె పిల్లల చదువునకు కొంత ఆసరా – ఇవి దానములు కావు, ఋణము తీర్చుట మాత్రమే. ఇవి చేర్చినను లెక్క కుదిరినచో రావచ్చును. ఇవి తీసివేసినగాని కుదరని లెక్క ధర్మముగా కుదిరిన లెక్క కాదు.

దంపతులు తమలో తాము కూడ అడుగుకొనవలసిన మాట ఒకటి ఉన్నది. లెక్కలన్నియు ఇద్దరుందురను తలంపుతో వేయబడును. కాని ఒకరు ముందు పోవుదురు, ఒకరు మిగులుదురు. మిగిలినవారికి ఆ ఊరు తగినదా? భర్త తన బాల్యమిత్రులకై తన ఊరు చేరగోరును. అతడు పోయిన పిదప భార్య, తనకు ఎన్నడును సొంతము కాని ఆ ఊరిలో, పిల్లలకు పదివేల మైళ్ల దూరమున ఒంటరిగా నిలుచును. ఆమె నలువది యేండ్ల స్నేహములు, ఆమె పాడుకొనిన భజన గోష్ఠి, ఆమె ఎత్తి పెంచిన మనుమలు సముద్రమునకు ఆవల ఉండిపోవుదురు. కావున మిగిలియుండు వ్యక్తిని దృష్టియందుంచుకొని నిర్ణయము చేయుట న్యాయము. ఆ వ్యక్తి అభిప్రాయమే ముందుగా వినుట ఇంకను న్యాయము.

లెక్క ముగియవలసిన వేళ

ఇంతవరకు లెక్క వేయని దోషము చెప్పబడినది. లెక్కనే పట్టుకొని వ్రేలాడు దోషమును ఉన్నది. "ఇంకొక సంవత్సరము పని చేసినచో నిధి సరిపోవును," "రూపాయి విలువ ఇంకను తగ్గనిత్తము," "ఇల్లు అమ్ముటకు ఇది సమయము కాదు" అని ఏటేటా వాయిదా వేసికొనువారున్నారు. వారి కాగితము నిండుచునే యుండును, వారి ఆయువు తరుగుచునే యుండును. మెడికేర్ రుసుము, బీమా గడువు ఇవన్నియు లెక్కకు వచ్చునవి. తనను పేరుపెట్టి, 'ఒరే' అని పిలువగలవారు ఊరిలో ఇంకెందరు మిగిలియున్నారనునది ఏ వరుసలోను చేరదు.

శ్రీరంగ సంప్రదాయమున ఒక కథ కలదు. పదునాలుగవ శతాబ్దమున ఢిల్లీ సేనల దండయాత్రకు వెరచి అచ్చటి ఉత్సవమూర్తిని భక్తులు తరలించుకొనిపోయిరి. ఆ స్వామి ఊరూర సంచరించి, కొంతకాలము తిరుమలలోను వేంచేసియుండెను. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపము నేటికిని ఆ స్మృతిని నిలుపుచున్నది. 1371లో స్వామి శ్రీరంగమునకు మరలి వేంచేయునప్పటికి ఒక తరము గతించినది. అచ్చట వేరొక మూర్తి ఆరాధింపబడుచుండెను. వచ్చిన మూర్తి పూర్వపు స్వామియేనని చెప్పగలవారు కానరాలేదు. అప్పుడు, పూర్వము స్వామి వస్త్రములు ఉతికిన ఒక ముదుసలి రజకుడు, అభిషేకము జరిగిన తడివస్త్రపు తీర్థమును సేవించి, ఆ పరిమళమునుబట్టి ఈయనయే తమ పెరుమాళ్లని గుర్తించెనట. నంపెరుమాళ్ అను పేరు అట్లు నిలిచినదని చెప్పుదురు. సాక్షాత్తు రంగనాథునకే మరలివచ్చినప్పుడు గుర్తించుటకు ఒక వృద్ధుడు కావలసివచ్చెను. సామాన్య మానవుని గుర్తించు వృద్ధులు ఎంతకాలముందురు? రాదలచినవాడు, గుర్తించువారు మిగిలియుండగనే రావలెను.

అట్లని రాలేనివాడు దోషి కాడు. రక్తశుద్ధికై వారమునకు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోవలసినవాడు, మతి మరపు వచ్చిన భార్యను పరిచితమైన గృహమునుండి కదల్పలేనివాడు, బుద్ధిమాంద్యము గల బిడ్డకు అచ్చటి ప్రభుత్వ సహాయమును విడువలేనివాడు – వీరు ఉండిపోవుటయే ధర్మము. భగవద్రామానుజులు శ్రీరంగమును విడిచి మేలుకోటలో పన్నెండేండ్లు వసించిరని సంప్రదాయము. వార్ధక్యమున తిరిగి శ్రీరంగమునకు బయలుదేరినప్పుడు మేలుకోట శిష్యులు దుఃఖింపగా, వారికై తమ అర్చామూర్తిని అచ్చట నిలిపి మరి వెడలిరి. ఇంటికి మరలుటయనగా మరియొక ఇంటిని విడుచుటయని, విడువబడువారి దుఃఖమును కూడ తీర్చి వెడలవలెనని ఆ చరితము తెలుపుచున్నది. అంత్యకాలమున వారు శిష్యులకు చేసిన ఉపదేశమును శక్తికొలది మెట్లుమెట్లుగా చెప్పబడినది. శ్రీభాష్యమును చదివి చెప్పుడు, చేతకానిచో తిరువాయ్‌మొழి, అదియు కానిచో దివ్యదేశములలో దీపకైంకర్యము, పుష్పకైంకర్యము, అదియు కానిచో మంత్రార్థచింతన, అదియు కానిచో మేలుకోటలో ఒక కుటీరము, ఏదియు చేతకానిచో ఒక సద్వైష్ణవుని అభిమానమున నిలిచియుండుట. అందరకును ఒకే మార్గమని ఆ మహనీయుడు శాసింపలేదు. కుటీరము కట్టుకొనలేనివానికిని ఒక దారి చూపెను.

కావున మరలగోరు వృద్ధుడు చేయవలసినది ఇది. ముందుగా అడుగవలెను. తోబుట్టువును, పిల్లలను, అందరికంటె ముందు జీవిత సహచరిని అడుగవలెను. కాదన్నచో నొచ్చుకొనకుండుటకు సిద్ధపడి అడుగవలెను. పిదప ఒక్కమారుగా తెగతెంపులు చేసికొనక, ఆరు మాసములు వచ్చి ఉండి చూడవలెను. అందును వేసవి నెలలు తప్పించుకొనక చూడవలెను. మందులకు, సహాయకులకు, మిగిలినవారి జీవనమునకు వలసినది ప్రత్యేకముగా నిలుపుకొనవలెను. సేవచేయువారికి న్యాయమైన వేతనమును లెక్కలో మొదటి పంక్తిగా వ్రాయవలెను. తన వైద్యము, తన దహన సంస్కారము ఎట్లు జరుగవలెనో తెలివి ఉండగనే వ్రాసియుంచవలెను. చదువు చెప్పగలవాడు చదువు చెప్పుటకు, వైద్యము తెలిసినవాడు పేదల నాడి చూచుటకు, ఏమియు లేనివాడు ఆలయమున పూలు కట్టుటకు వచ్చినచో, చౌక వెదకుకొనుచు వచ్చినవానిగా గాక కైంకర్యమునకు వచ్చినవానిగా ఆ ఊరు అతనిని చూచును.

ఇవన్నియు చేసిన పిదపను లెక్కకు అందనిది చాల మిగులును. ఏ రోగము ఏ దినమున వచ్చునో, ఎవరు ముందు పోవుదురో, రూపాయి ఎట్లు మారునో, పిల్లల మనస్సు ఎట్లు మారునో ఏ కాగితమును చెప్పజాలదు. మానవుడు చేయగలిగినదంతయు చేసి, ఇంక తన చేత కాదని తెలిసికొన్న చోట భరన్యాసము ఆరంభమగును. తాను మోయవలసిన బరువును తాను మోసి, ఇతరుల తలపై పెట్టక, మోయరానిదానిని మాత్రము ఆ శ్రీనివాసుని పాదములయందు ఉంచినవాడు, సముద్రమునకు ఈవల నున్నను ఆవల నున్నను, ఇల్లు చేరినవాడే.